రాత్రి వేడికి తరిగిపోతున్న వడ్ల తూకం
యాసంగి నూకలకూ కనిష్ఠ ఉష్ణోగ్రతకూ లంకె

(మా వాణిజ్య ప్రతినిధి)

నార్కట్‌పల్లి: ధాన్యం వ్యాపారం చేసేవారు పత్రిక చేతికి రాగానే ముందు ధారణలు, ఆ తరువాత వాతావరణం చూస్తారు. వాతావరణం పట్టికలోనైనా వారి కన్ను నిలిచేది గరిష్ఠం అంకె దగ్గరే. నల్లగొండలో నిన్న 42 పడిందా, 44 పడిందా అన్నదే మాట. దాని పక్కనే అచ్చయ్యే కనిష్ఠం అంకెను పట్టించుకునేవారు అరుదు. తెల్లవారుజామున నమోదయ్యే ఆ అంకెతో తమకేమి పని అనుకుంటారు. అయితే యాసంగి వడ్ల బరువులోను, మిల్లులో పడే నూకల పాలులోను ఈ రెండో అంకె పాత్ర పెద్దదేనని ఇరవై ఏళ్లకు పైగా జరుగుతున్న పరిశోధనలు చెబుతున్నాయి.

నార్కట్‌పల్లి ఈ సంగతి చెప్పుకోవడానికి తగిన చోటు. హైదరాబాదు–విజయవాడ జాతీయ రహదారి నుంచి అద్దంకి రోడ్డు చీలేది ఇక్కడే. ఆ రోడ్డు పట్టుకుంటే నల్లగొండ మీదుగా మిర్యాలగూడ మిల్లుల దాకా వెళ్లవచ్చు. మిర్యాలగూడ చుట్టుపక్కల సాగర్ ఎడమ కాలువ కింద నీరు పారే మాగాణి ఉన్నది. నార్కట్‌పల్లి, చిట్యాల వైపు రాళ్లగుట్టల మధ్య బోర్ల మీద బతికే మెట్ట సీమ. నీటి వసతిలో రెండింటికీ పోలిక లేదు గాని, ఏప్రిల్ రాత్రుల ఉక్క మాత్రం రెండింటికీ ఒకటే.

మొక్కకూ జమాఖర్చు ఉన్నది

శాస్త్రజ్ఞుల మాటను మన వ్యాపార పరిభాషలో చెప్పుకుంటే ఇలా ఉంటుంది. పగలు ఎండలో ఆకు గాలిలోని బొగ్గుపులుసు వాయువును, వేరు తెచ్చిన నీటిని కలిపి పిండిపదార్థం తయారుచేస్తుంది. ఇది జమ. మొక్క బతకడానికి, పెరగడానికి కావలసిన శక్తి కోసం ఆ పిండిపదార్థంలో కొంత తానే కాల్చుకుంటుంది. దీనినే శ్వాసక్రియ అంటారు. ఇది ఖర్చు. జమ పగటిపూట మాత్రమే పడుతుంది. ఖర్చు ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది. పంట కాలం మొత్తం మీద సంపాదించిన దానిలో మూడో వంతు నుంచి సగం దాకా ఈ పద్దు కిందే పోతుందని అంచనా. మిగిలినదే గడ్డి, వేరు, గింజ.

ఈ ఖర్చులో రెండు రకాలున్నాయి. ఒకటి కొత్త ఆకు, కొత్త గింజ కట్టుకోవడానికి అయ్యేది. ఇది పెట్టుబడి వంటిది, దానికి తగిన సరకు కనబడుతుంది. రెండోది ఉన్న శరీరాన్ని నిలబెట్టుకోవడానికి అయ్యేది. మిల్లు తిరిగినా తిరగకపోయినా కట్టవలసిన అద్దె, జీతాల వంటిది ఇది. వేడికి త్వరగా స్పందించేది ఈ రెండో రకమే. మామూలు వేడిమిలో ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే శ్వాసక్రియ వేగం ఇంచుమించు రెట్టింపు అవుతుందని పాఠ్యగ్రంథాలలో ఉన్న లెక్క. ఆ ప్రకారం 3 డిగ్రీల పెంపుకు ఖర్చు సుమారు 23 శాతం, 6 డిగ్రీల పెంపుకు సుమారు 50 శాతం పెరగాలి.

ఈ జిల్లాలో రాత్రి కనిష్ఠం డిసెంబరు, జనవరి నెలలలో 20 డిగ్రీలకు లోపు ఉంటుంది. ఫిబ్రవరిలో 20కి అటూ ఇటూ, మార్చిలో 23 దాటి, ఏప్రిల్‌కు 26 ప్రాంతానికి చేరుతుంది. అంటే ఫిబ్రవరి రాత్రులలో గింజ నిండే వరికీ, ఏప్రిల్ రాత్రులలో గింజ నిండే వరికీ మధ్య తేడా సుమారు 6 డిగ్రీలు. పాఠ్యగ్రంథం లెక్కన రెండో చేను ప్రతి రాత్రీ ఒకటిన్నర రెట్లు ఖర్చు చేస్తున్నదన్నమాట. మొక్క క్రమంగా వేడికి కొంత అలవాటు పడుతుంది కనుక వాస్తవంలో తేడా ఇంతకన్న తక్కువగానే ఉండవచ్చు. అయినా దిశ మాత్రం మారదు. పోనీ, పగటి సంపాదన ఆ మేరకు పెరుగుతుందా అంటే అదీ లేదు. ఏప్రిల్ ఎండకు ఆకు పని మందగిస్తుందే తప్ప పుంజుకోదు.

ఫిలిప్పీన్స్ పొలం చెప్పిన లెక్క

ఈ విషయాన్ని పొలంలో అంకెలతో చూపినవారు ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ వారు. 1960లో ఏర్పడిన ఆ సంస్థ నుంచి వచ్చిన పొట్టి వరి రకాలు మన రైతులకు తెలియనివి కావు. లాస్ బాన్యోస్ వద్ద సంస్థ పొలంలోనే 1979 నుంచి 2003 దాకా నమోదైన ఉష్ణోగ్రతలను షావోబింగ్ పెంగ్, ఆయన సహచరులు తిరగవేశారు. ఆ పాతికేళ్లలో పగటి గరిష్ఠం సగటున 0.35 డిగ్రీలు పెరగగా, రాత్రి కనిష్ఠం 1.13 డిగ్రీలు పెరిగింది. 1992 నుంచి 2003 దాకా మంచి యాజమాన్యంలో పండించిన వరి దిగుబడులను ఈ ఉష్ణోగ్రతల పక్కన పెట్టి చూశారు. వేసవి పంట కాలంలో రాత్రి కనిష్ఠం ఒక డిగ్రీ పెరిగితే దిగుబడి 10 శాతం తగ్గినట్లు తేలింది. పగటి గరిష్ఠానికీ దిగుబడికీ చెప్పుకోదగ్గ లంకె కనబడలేదు. 2004లో ఈ వ్యాసం వెలువడింది.

దీనిపై తర్జనభర్జనలు జరగకపోలేదు. రాత్రి వెచ్చగా ఉన్న రోజులు తరచు మబ్బు రోజులు కూడా అవుతాయి. మబ్బు ఉంటే ఎండ తక్కువ, ఎండ తక్కువైతే దిగుబడి తక్కువ. కనుక 10 శాతం నష్టమంతా రాత్రి వేడి పద్దులో వేయడం సరికాదని 2006లో అదే సంస్థకు చెందిన శాస్త్రజ్ఞులు కొందరు వాదించారు. ఆక్షేపణ సమంజసమైనదే. కాని 2010లో ఆసియాలోని ఆరు దేశాలలో 227 మంది రైతుల పొలాల లెక్కలు తీసి, ఎండ తేడాను విడిగా పక్కకు తీసి చూసినప్పుడు కూడా రాత్రి కనిష్ఠం పెరిగితే దిగుబడి తగ్గుతున్నట్లే కనబడింది. ఆ ఆరు దేశాలలో భారతదేశం కూడా ఉన్నది.

ఇంకొక పరీక్ష మరింత ఆసక్తికరమైనది. జపాన్ శాస్త్రజ్ఞులు 2005లో ప్రకటించిన ప్రయోగమది. గింజ నిండే దశలో కొన్ని వరి మొక్కలను పగలు 34, రాత్రి 22 డిగ్రీలలో ఉంచారు. మరికొన్నింటిని తిరగవేసి పగలు 22, రాత్రి 34 డిగ్రీలలో ఉంచారు. రెండింటికీ అందిన మొత్తం వేడి సమానమే. అయినా రాత్రి వేడి తగిలిన గింజ బరువు ఎక్కువ తగ్గింది. గింజ లోపలి కణాలు సన్నబడినట్లు కూడా చూశారు. దీనినిబట్టి నష్టమంతా శ్వాసక్రియ ఖర్చు వల్లనే అనుకోరాదు. గింజ నిండే రోజులు కుదించుకుపోవడం, పిండి పేరుకునే పనికి అడ్డం పడడం, కొన్ని రకాలలో పుప్పొడి చెడి తాలు పెరగడం కూడా ఇందులో ఉన్నాయి. ఒక్క కారణానికి అంటగట్టి తేల్చివేసేవారిని కాస్త అనుమానంగానే చూడాలి.

లాస్ బాన్యోస్ లెక్కను యథాతథంగా నల్లగొండకు తెచ్చి అంటించడం కూడా తగదు. రకం వేరు, నేల వేరు. అయినా లెక్క ఎంతటిదో తెలియడానికి ఒకసారి వేసి చూడవచ్చు. ఎకరానికి 25 క్వింటాళ్లు పండే చేనులో 10 శాతమంటే రెండున్నర క్వింటాళ్లు. 2025–26కు ఏ గ్రేడు ధాన్యానికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 2,389 రూపాయలు. ఆ ధరన ఎకరానికి దాదాపు 5,970 రూపాయలు. కౌలు రైతుకు మిగులు అనదగినది ఉంటే అది ఇంచుమించు ఇంతే. ఈ నష్టం ఎవరి కంటా పడదు. వడగళ్లు పడితే అధికారులు వచ్చి రాసుకుంటారు. రాత్రి ఉక్కపోతకు పంచనామా ఉండదు.

నూకల గొడవ

వ్యాపారుల వైపు నుంచి చూస్తే తూకం కన్న నూకల సంగతే ముఖ్యం. రాత్రి వేడికి గింజలో పిండి సాంద్రంగా పేరుకోదు. మధ్య మధ్య సందులు మిగిలిపోయి, బియ్యపు గింజ కడుపులో సున్నం వంటి తెల్ల మచ్చ ఏర్పడుతుంది. ఆ గింజ మర పట్టినప్పుడు మచ్చ దగ్గరే విరుగుతుంది. అమెరికాలో వరికి పేరుపడిన అర్కన్సా రాష్ట్రంలో 2010లో వేసవి రాత్రులు అసాధారణంగా వేడెక్కగా, ఆ ఏడు మిల్లులలో నిండు గింజ బాగా పడిపోయింది. అక్కడి విశ్వవిద్యాలయం వారు గింజ నిండే దశలో రాత్రి వేడే దీనికి ముఖ్య కారణమని చూపారు.

మన యాసంగి నూకలకు మరొక కారణం కూడా తోడవుతుంది. పండి ఎండిన గింజ మధ్యాహ్నం 40 డిగ్రీల ఎండలో మరీ ఎండి, మంచుకో అకాలవర్షానికో తేమ పీల్చుకుంటే లోపల పగులుతుంది. ఇది పగటి వేడి చేసే పని. మచ్చ రాత్రిది, పగులు పగటిది. మిల్లులోకి వచ్చాక ఏ నూక దేనివల్ల పడిందో విడదీయడం ఎవరితరమూ కాదు.

భారత ఆహార సంస్థ నిబంధనల ప్రకారం మిల్లులు క్వింటాలు ధాన్యానికి 67 కిలోల పచ్చి బియ్యం ఇవ్వాలి. అందులో నూక 25 శాతానికి మించరాదన్నదే ఇంతకాలం నడచిన నియమం. అంటే 67 కిలోలలో 16 కిలోల 750 గ్రాముల నూక చెల్లుతుంది, నిండు గింజ 50 కిలోలకు పైచిలుకు రావాలి. మే మొదటి వారంలో కోసిన ధాన్యం ఒక లాటుకు నిండు గింజ 40 కిలోలే వచ్చిందనుకుందాం. తక్కిన 10 కిలోలు మిల్లరు ఎక్కడి నుంచి తెస్తాడు? నూకను కోళ్ల దాణాకో, సారా బట్టీకో, ఇథనాల్‌కో అమ్మితే వచ్చేది వేరే ధర.

ఇందుకు మన మిల్లులు కనిపెట్టుకున్న ఉపాయం ఉప్పుడు బియ్యం. వడ్లను నానబెట్టి ఆవిరి పట్టినప్పుడు లోపలి పిండి ఉడికి జిగురై పగుళ్లను, సందులను పూడ్చివేస్తుంది. ఆరబెట్టాక గింజ గట్టిబడి మరలో విరగదు. అందుకే దీనికి రాబడి 68 కిలోలు, నూక పరిమితి 16 శాతం. మిర్యాలగూడ వంటి చోట్ల యాసంగి వ్యాపారమంతా బాయిలర్ల మీద ఎందుకు నిలబడిందో దీనిని బట్టి తెలుస్తుంది. అయితే ఉప్పుడు బియ్యం మన తెలంగాణలో తినేవారు లేరు. తినే రాష్ట్రాలు తమ అవసరానికి తామే పండించుకోవడం మొదలుపెట్టాయి. గోదాములలో నిల్వలు పేరుకోగా, ఇక ఉప్పుడు బియ్యం తీసుకోబోమని కేంద్రం అనడంతో 2021–22లో పెద్ద వివాదమే చెలరేగింది. 2021 నవంబరులో హైదరాబాదులోను, 2022 ఏప్రిల్‌లో ఢిల్లీలోను రాష్ట్ర ప్రభుత్వమే ధర్నాలకు దిగిన సంగతి పాఠకులకు జ్ఞాపకం ఉండే ఉంటుంది. ఆ రోజులలో కేంద్రం, రాష్ట్రం, మిల్లర్లు ఒకరినొకరు అనుకున్న మాటలకు కొదవలేదు గాని, గింజ ఎందుకు విరుగుతున్నదన్న ప్రశ్న వెనకబడిపోయింది.

రైతుకు నూకతో నేరుగా సంబంధం లేదు. మద్దతు ధర నిండు గింజకూ విరిగే గింజకూ ఒకటే. కొనుగోలు కేంద్రంలో చూసేది 17 శాతం తేమ, తాలు, చెత్త మాత్రమే. అయినా నష్టం చివరికి ఆయన దగ్గరికే చేరుతుంది. 40 కిలోల బస్తాకు కిలో, రెండు కిలోలు ఎక్కువ తూస్తున్నారన్న తరుగు ఫిర్యాదులు ప్రతి యాసంగిలోను వినవచ్చేవే. అక్రమాన్ని సమర్థించవలసిన పని లేదు. కాని మిల్లుకు పడే నూకకూ, కల్లంలో కోసే తరుగుకూ లంకె ఉన్నదని తెలిసి ఉండడం మంచిది.

పత్తికీ, బత్తాయికీ కూడా

రాత్రి వేడి ఒక్క వరికే పరిమితం కాదు. పత్తి చెట్టు కూడా వెచ్చని రాత్రులలో పిండిపదార్థం ఎక్కువగా కాల్చుకుని, ఉన్న పిందెలను పోషించలేక రాల్చుకుంటుంది. నల్లగొండ బత్తాయి సంగతి మరొక రకం. నిమ్మజాతి పండు తోలు పచ్చదనం వదిలి నిండు రంగు తిరగాలంటే చల్లని రాత్రులు కావాలి. మన రాత్రులు అంత చల్లబడవు కనుక రసం పాకానికి వచ్చినా సాత్‌గుడి తోలు ఆకుపచ్చగానే ఉంటుంది. ఉత్తరాది బజారులో నాగపూర్ కమలా రంగు చూసిన కొనుగోలుదారు దీనిని కాయ అనుకుని ధర తగ్గించడం అన్యాయమే గాని, కొత్త సంగతి కాదు.

విత్తే తేదీయే మందు

ప్రపంచంలో చాలా చోట్ల రాత్రులు పగటి కన్న వేగంగా వేడెక్కుతున్నాయి. 1951–90 మధ్య నాలుగు దశాబ్దాల లెక్కలు తీసిన శాస్త్రజ్ఞులు 1993లో ఈ సంగతి ప్రకటించారు. వారు పరిశీలించిన భూభాగాలలో కనిష్ఠం పెరిగిన వేగం గరిష్ఠం పెరిగిన దానికి మూడింతలు. గాలిలో బొగ్గుపులుసు వాయువు, తేమ, మబ్బు పెరిగితే పగలు నేల పీల్చుకున్న వేడి రాత్రి ఆకాశంలోకి త్వరగా పోలేదు. దీనిని ఆపడం ఒక జిల్లా చేతిలో లేదు. వేడి రాత్రులను తట్టుకోగల నగీనా 22 వంటి పాత రకాల గుణాన్ని కొత్త రకాలలోకి తేవడానికి ప్రయత్నాలు సాగుతున్నాయి. అవి మన కల్లాలకు వచ్చేదాకా రైతు చేతిలో ఉన్న సాధనం ఒక్కటే, నారు పోసే తేదీ.

120, 125 రోజుల రకానికి నవంబరు మధ్యలో నారు పోస్తే గింజ నిండే నెల ఫిబ్రవరి చివర, మార్చి మొదట పడుతుంది. అదే నారు డిసెంబరు ఆఖరున పోస్తే ఆ నెల ఏప్రిల్‌లో పడుతుంది. రకం అదే, ఎరువు అదే, కూలి అదే. మారినవి ముప్పయి రాత్రులు. ముందుగా కోస్తే ఏప్రిల్ వడగళ్ల భయం కూడా తగ్గుతుంది. వేసవి ముదిరాక బోర్లు అడుగంటే నార్కట్‌పల్లి వంటి చోట రెండు మూడు తడులు మిగలడం చిన్న లాభం కాదు. యాసంగి కోతలు మార్చిలో ముగిసేలా పంటకాలాన్ని ముందుకు జరపాలని 2023 మే నెలలో అప్పటి రాష్ట్ర ప్రభుత్వం కూడా సూచించింది. అప్పుడు అందరి కళ్లలో ఉన్నది అకాలవర్షాల నష్టం.

చెప్పినంత తేలిక కాదు. అతిగా ముందుకు జరిపితే చలి దెబ్బ తగులుతుంది. డిసెంబరు, జనవరి చలికి నారు ఎర్రబడి ఎదగదు. రైతులు రాత్రిళ్లు నారుమళ్ల మీద పట్టాలు కప్పుకోవలసి వస్తుంది. పొట్ట దశ చలిలో పడితే తాలు వస్తుంది. దానికి తోడు వానాకాలం నాట్లే ఆలస్యమైతే యాసంగికి పొలం ఎప్పుడు ఖాళీ అవుతుంది? 150 రోజుల సాంబ మసూరి వేసినవాడు నవంబరు మధ్యలో నారు పోయడం కుదరని పని. వానాకాలంలోనే తక్కువ కాలపు సన్నాలకు మారాలి. సన్నాలకు రాష్ట్ర ప్రభుత్వం 2024 వానాకాలం నుంచి క్వింటాలుకు 500 రూపాయల బోనస్ ప్రకటించింది గాని, తేదీకి ఏ బోనసూ లేదు.

విదేశీ బజారు మాత్రం గింజను చూసే ధర కడుతుంది. 2025 మార్చి ఆఖరున కాకినాడ రేవు నుంచి తెలంగాణ బియ్యం 12,500 టన్నులు ఫిలిప్పీన్స్‌కు ఓడ ఎక్కింది. రాత్రి వేడికి వరి ఎంత నష్టపోతుందో లెక్కకట్టిన దేశానికే మన బియ్యం వెళ్లింది. అటువంటి ఎగుమతులు నిలబడాలంటే మన సర్కారు సేకరణలో ఇంతకాలం చెల్లిన 25 శాతం నూక అక్కడ చెల్లదు.

కనుక ఫిబ్రవరి మధ్య నుంచి ఏప్రిల్ చివర దాకా కనిష్ఠం అంకెను రోజూ రాసిపెట్టుకోవడం వ్యాపారులకు లాభసాటి. మార్చిలోనే రాత్రులు 25 దాటుతున్నట్లయితే ఆలస్యంగా వచ్చే ధాన్యంలో నిండు గింజ తగ్గుతుందని, నూక రాబడులు పెరిగి ధర మెత్తబడవచ్చునని ముందే అంచనా వేసుకోవచ్చు. మిల్లులో ఏ వారం వచ్చిన లాటుకు ఎంత నూక పడిందో తేదీవారీగా పుస్తకం ఉంచితే రెండు మూడు యాసంగులలోనే తేడా కనబడుతుంది. ఈ పనికి పెద్ద ఖర్చేమీ లేదు.

నార్కట్‌పల్లి మండలంలో ఇప్పుడు మరొక మార్పు వచ్చింది. బ్రాహ్మణవెల్లెంల వద్ద ఉదయసముద్రం ఎత్తిపోతల పథకాన్ని 2024 డిసెంబరు 7న ముఖ్యమంత్రి ప్రారంభించారు. లక్ష ఎకరాలకు నీరివ్వాలన్నది దాని లక్ష్యం. బోర్ల కింద అరెకరం, ఎకరం నాటుకునే రైతులు చెరువులు నిండితే యాసంగి వరి విస్తీర్ణం పెంచుతారనడంలో సందేహం లేదు. పాత ఆయకట్టులో తేదీల అలవాటు మార్చడం కష్టం. కొత్త ఆయకట్టులో ఇంకా అలవాటే పడలేదు. నీరు వదిలే తేదీని డిసెంబరు దాకా సాగదీయకుండా అక్టోబరులోనే ప్రకటిస్తే, నారుమడి తేదీ దాని వెంటే నడుస్తుంది.